ఇసుక చివరిసారి చూసిన వెలుగు

పాస్టరు తాతబాబు ఏడాదికోసారి తన సంఘాన్నంతా వెంటబెట్టుకుని ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళేవాడు. భీమిలి అని పిలిచే భీమునిపట్నానికి ఇవతల, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఓ చిన్న జాలరిపేట ఆయనది. పేట చివర రేకుల కప్పుతో ప్రార్థనా మందిరం, అందులో కూడే నలభై కుటుంబాలు. వానలు వెనకబట్టాక నవంబరులో ఒక ఆదివారం చూసుకుని, డోలకూ హార్మోనియమూ పులిహోర గిన్నెలూ ఆటోల్లోకి ఎక్కించి, ముసలివాళ్ళను మోటారు సైకిళ్ళ వెనక కూర్చోబెట్టుకుని అందరూ బయల్దేరేవారు.

దిబ్బల మధ్య వాననీళ్ళు కోసేసిన లోతైన గెడ్డలున్నాయి. వాటిలోకి దిగితే రెండు పక్కలా తాటిచెట్టంత ఎత్తున ఎర్రటి ఇసుక గోడలు. పొర మీద పొర, ఒక్కో పొరది ఒక్కో ఎరుపు. తాతబాబు ఒక గోడ దగ్గర నిలబడి, దాన్ని అరచేత్తో తడుముతూ ప్రతి ఏడాదీ ఒకటే మాట చెప్పేవాడు.

"ఇంత ఇసక ఎవులు తెచ్చి పోసేరు? లారీల మీద తోలేరా? దేవుడు లోకాన్ని నీటితో కడిగినప్పుడు, ఆ జలప్రళయం పోతూ పోతూ ఒగ్గీసిన ఇసక ఇది. ఇంకెప్పుడూ ఇలాగ సెయ్యనని ఆ తరవాతే ఆయన మాటిచ్చినాడు. మనం ఆ మాట మీద నిలబడి ఉన్నాం."

ఆ మాట ఆయన ఎక్కడో చదివి చెప్పింది కాదు. ఆయనకు ఇరవై ఏళ్ళప్పుడు ఒక తుఫాను వచ్చింది. వేటకు పోయిన తండ్రీ అన్నా తెప్పతో సహా తిరిగి రాలేదు. పేటలో ఇళ్ళు కొట్టుకుపోయాయి. తాతబాబు పరుగెత్తి దిబ్బల్లో చేరి ప్రాణం దక్కించుకున్నాడు గానీ, తుఫాను వెళ్ళిపోయాక కూడా అక్కణ్ణించి కదల్లేదు. పొద్దస్తమానం ఒక గెడ్డలో కూర్చుని సముద్రాన్ని తిడుతూ ఉండేవాడు. ఎవరైనా దగ్గరికొస్తే రాయి తీసేవాడు. దుప్పట్లూ బియ్యమూ పంచడానికి పట్నం నుంచి వచ్చిన ఒక ముసలి బోధకుడు ఆ రాళ్ళకు జంకకుండా వచ్చి పక్కన కూర్చున్నాడు. తెచ్చిన దుప్పటి ఒకటి అతని భుజాల మీద కప్పాడు. తర్వాత ఇసుక గోడను చూపించి జలప్రళయం సంగతి చెప్పాడు. నువ్వు కూర్చున్నది దేవుడిచ్చిన మాట మీద బాబూ, అన్నాడు.

ఐదో తరగతితో చదువు ఆపేసిన తాతబాబు ఆ బోధకుడి దగ్గరే మళ్ళీ అక్షరాలు దిద్దుకున్నాడు. బైబిలు వాక్యం చదవడం నేర్చుకున్నాడు. బాప్తిస్మం తీసుకున్నాడు. చివరికి తన పేటకే పాస్టరయ్యాడు. ఇది జరిగి నలభై ఏళ్ళు. ఆ దిబ్బ ఆయనకు ఉత్త ఇసుక కాదు.

రెండేళ్ళ కిందట డిసెంబరులో అనూరాధ అనే ఆవిడ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. నలభైకి లోపు మనిషి. విశాఖలో మద్దిలపాలెం దగ్గర ఒక పరిశోధనశాలలో భూగర్భశాస్త్రవేత్త. దిబ్బల్లో ఇసుక తీసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కాగితం కూడా తెచ్చుకుంది.

"అయ్యగారూ, ఆ దిబ్బల్లో మీకు తెలియని గెడ్డ లేదని కాపలావాళ్ళు చెప్పారు. కింది పొరలు బాగా బయటపడిన చోటు కావాలండి. మనుషులు తవ్వని చోటు."

"ఏటి సేత్తారమ్మా ఆ ఇసకని?"

"దాని వయసు కడతాం."

తాతబాబు అరుగు మీద చోటు చూపించి, తనూ కూర్చున్నాడు. "ఇసకకి వయసేటమ్మా? అది కాసే సెట్టా, ఈనే పశువా?"

అనూరాధ నవ్వింది. "వయసంటే పుట్టిన రోజు కాదండీ. ఇసుక రేణువు మీద ఆఖరిసారి ఎండ ఎప్పుడు పడిందో అది. ఎండలో ఉన్నంతకాలం రేణువు ఖాళీగా ఉంటుంది. దాని మీద ఇంకో పొర పడి చీకట్లో పూడిపోయిందనుకోండి, చుట్టూ మట్టిలో సహజంగా ఉండే కొద్దిపాటి రేడియేషన్ దాన్లో నిలవ పడుతూ పోతుంది. ఎంత నిలవపడిందో కొలిస్తే, ఎన్నాళ్ళు చీకట్లో ఉందో తెలుస్తుంది."

తాతబాబు కాసేపు సముద్రం వైపు చూశాడు. ఆయన బుర్ర చురుకైనది. చదువు తక్కువైనా ఆలోచన తక్కువ కాదు.

"అయితే అమ్మా, ఒక్కపాలే వచ్చిన నీటితో ఈ దిబ్బంతా పూడిందనుకో. పైదానికీ అడుగుదానికీ ఒక్కటే వయసు రావాల గదా?"

అనూరాధ ఆయన్ని కొత్తగా చూసింది. తన దగ్గర చదువుకునే పిల్లలు కూడా ఆ ప్రశ్న అంత సూటిగా వెయ్యరు.

"రావాలి. అలా వస్తే అలాగే రాస్తాను. కానీ వస్తుందని నేననుకోవడం లేదండి. ముందే చెప్తున్నాను."

"నాను అనుకుంటన్నాను," అన్నాడు తాతబాబు. "రేపు పొద్దుట బేగి రా. సోటు నాను సూపిత్తాను."

మర్నాడు ఇద్దరూ గెడ్డలోకి దిగారు. గోడను జానెడు లోతున చెక్కి శుభ్రం చేసి, జానెడున్నర ఇనుప గొట్టాన్ని అడ్డంగా సుత్తితో దిగ్గొట్టాలి. లోపలి ఇసుకకు వెలుతురు తగలకూడదు. గొట్టం బయటికి లాగగానే రెండు మూతులకూ నల్ల ప్లాస్టిక్ చుట్టి టేపు వెయ్యాలి. సుత్తి పని తాతబాబు తీసుకున్నాడు. అడుగున రెండు చోట్ల, నడుమ రెండు చోట్ల, పైన రెండు చోట్ల. అరవై దాటిన మనిషి, చెమటలు కక్కుతూ, తన సాక్ష్యాన్ని తానే గోడలోంచి బయటికి తీస్తున్నంత ఇష్టంగా కొట్టాడు.

మధ్యాహ్నం జీడిచెట్టు నీడన అన్నం డబ్బా విప్పుకుని అనూరాధ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. తాతబాబు ఆవిడ కళ్ళు తెరిచేదాకా ఆగాడు.

"నువ్వు విశ్వాసివా అమ్మా?"

"మా తాతల నాటి నుంచీ అండి. విశాఖ పాతపట్నంలో మా చర్చిలో మా అమ్మ ముప్పై ఏళ్ళు ఆర్గన్ వాయించింది."

"మరి ఈ పనేటి?" ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

ఆవిడ అన్నం కలుపుతూ ఆలోచించింది. "ఇసుకను ఎవరు చేశారో నాకు తెలుసనే అనుకుంటానండి. ఎప్పుడు, ఎలా అన్నది మాత్రం ఇసుకనే అడగాలి. దాని తరఫున నేను జవాబు చెప్పేస్తే అది అబద్ధమవుతుంది. అబద్ధం చెప్పి దేవుణ్ణి కాపాడతానంటే ఆయనకు నచ్చుతుందా?"

 తాతబాబు ఆవిడకు తుఫాను సంగతీ, ముసలి బోధకుడి సంగతీ చెప్పాడు. అంతా విన్నాక అనూరాధ నీళ్ళు తాగి, డబ్బా మూత పెట్టి, మెల్లిగా అడిగింది. "అయ్యగారూ, మీరనుకున్నట్టు రాకపోతే ఆ సంగతి మీకు చెప్పనా, వద్దా?"

"సెప్పు. ఏటొచ్చినా సెప్పు."

ఇసుక వయసు తేలేదాకా, ఆ నాలుగు నెలలూ పేటలో అదే మాట. సంఘపెద్ద కామరాజు ఆ కబురును సముద్రం మీద కూడా చెప్పుకుంటూ పోయాడు. అతను తాతబాబు భార్య సన్యాసమ్మకు తమ్ముడు; ఇద్దరూ ఒకర్నొకరు బావా అనే పిలుచుకుంటారు. రెండు మరపడవలున్నవాడు, గట్టి గొంతు, ఏ పనికైనా ముందు నిలబడే రకం. మందిరం ముందు పెట్టించడానికి ఒక నల్లరాయి కూడా కొని ఉంచాడు. దాని మీద ఏమి చెక్కించాలో మాటలు కూడా అనుకున్నాడు. పక్క ఊళ్ళ సంఘాలను పిలిచి మూడు రోజుల ప్రార్థన కూటాలు పెడదామన్నాడు. "సైన్సోల్లే ఒప్పుకున్నారంటే ఇంకెవుల్లు కాదంటారు బావా," అనేవాడు. తాతబాబు అడ్డు చెప్పలేదు. ఆయనకూ లోలోపల ఆ మాట తియ్యగానే ఉండేది.

ఏప్రిల్లో అనూరాధ ఫోన్ చేసింది. ఫోన్లో చెప్పడం తనకిష్టం లేదనీ, ఒకసారి వచ్చి చూడమనీ అడిగింది. ఆ మాటతోనే ఆయనకు సగం అర్థమైంది. తెల్లచొక్కా వేసుకుని భీమిలి నుంచి వచ్చే విశాఖ బస్సెక్కి, మద్దిలపాలెంలో దిగి, దారి అడుక్కుంటూ వెళ్ళాడు.

పరిశోధనశాలలో ఒక గది పూర్తిగా చీకటి. రెండు తలుపులు, మధ్యలో నల్ల తెర. లోపల దీపం ఎర్రది, అది కూడా బెడ్‌లైటు అంత సన్నగా. కళ్ళు అలవాటు పడేదాకా అనూరాధ ఆయన చెయ్యి పట్టుకుని నిలబెట్టింది. తర్వాత ఒక చిన్న గాజుసీసా కళ్ళకు దగ్గరగా పెట్టింది.

"ఇది మీరు కొట్టిన గొట్టంలోదే. ఆమ్లంతో కడిగాం. ఈ దీపం కింద రంగు తెలియదు గానీ, బయట చూస్తే ఉప్పులా తెల్లగా ఉంటుంది. ఆ ఎరుపంతా పైపూతేనండి, తుప్పు."

కడిగితే తెల్లబడిన ఎరుపు అనగానే, ఎర్రటి పాపాలు మంచులా తెల్లబడతాయన్న వాక్యం గుర్తొచ్చి ఆయనకు ఒక ప్రసంగం తోచింది. ఇంకో రోజైతే అక్కడే మొదలుపెట్టేవాడు. ఆ రోజు మనసు రాలేదు.

ఆవిడ చిటికెడు రేణువులను చిన్న ఉక్కు బిళ్ళ మీద అంటించి యంత్రంలో పెట్టింది. యంత్రం వాటి మీద నీలికాంతి వేస్తుంది. ఇన్నాళ్ళూ చీకట్లో నిలవచేసుకున్నది వెలుగై బయటికి వచ్చేస్తుంది. మన కంటికి ఆనేంత వెలుగు కాదు, యంత్రానికే ఆనుతుంది. ఇద్దరూ పక్క గదిలోకి వచ్చారు; అక్కడ కంప్యూటరు తెర మీద ఒక గీత నిట్టనిలువుగా లేచి, మెల్లగా వాలి, అడుగుకు చేరింది. అంతా నిమిషంలోపే.

"అయిపోనాదా?"

"అయిపోయింది. ఇప్పుడు అవి ఖాళీ."

తాతబాబు వాలిపోయిన ఆ గీతను చూస్తూ నిలబడ్డాడు. అనూరాధ ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. పై పొర పదకొండు వేల ఏళ్ళు, వెయ్యి అటూ ఇటూ. నడిమి పొర ఇరవై వేలు, రెండు వేలు అటూ ఇటూ. అడుగు పొర ముప్పై ఎనిమిది వేలు, మూడు వేలు అటూ ఇటూ. ఒక్కో పొరనూ ఒక్కో కాలంలో గాలే తెచ్చి పోసిందని ఆవిడ చెప్పింది.

ఆయన ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదివాడు. పైదానికీ కిందిదానికీ ఒకటే రావాలని తానే అన్న మాట ఆయనకు గుర్తుంది. ఆవిడ గుర్తు చెయ్యలేదు.

"మిషను తప్పు సెప్పదా అమ్మా?"

"చెప్పొచ్చు. అందుకే ఒక్కో పొరనూ ఇరవై నాలుగుసార్లు కొలిచాం. ఇంకో ఊళ్ళో ల్యాబుకు పంపి వాళ్ళ చేతా కొలిపించాం."

"ఈ అటూ ఇటూ ఏటి?"

"మేం ఎంత పొరపడి ఉండొచ్చో అది. అది రాయకుండా ఉత్త వయసు రాస్తే ఎవరూ ఒప్పుకోరు."

తాతబాబు కుర్చీలో కూర్చున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని అన్నాడు. "నలభై ఏళ్ళుగా ప్రసంగం సేత్తన్నాను. నాను ఎంత తప్పు సెప్తన్నానో ఒక్కపాలీ సెప్పనేదు."

అనూరాధ టీ తెప్పించింది. ఆయన గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. "ఇసక మీద ఇల్లు కట్టుకుని వరదలో పోగొట్టుకున్నోడి కత నానే ఎన్నోపాల్లు సెప్పేను. అది నానే అవుతానని తెల్దు. ఆ ముసలాయన ఆరోజు నాకు సెప్పినది అబద్ధమేనా అమ్మా?"

 అనూరాధకు ఓదార్చాలని ఉంది. ఓదార్పు కోసం ఏదో ఒకటి అనెయ్యడం ఇష్టం లేదు.

"దిబ్బ గురించి ఆయన పొరపడ్డారండి. మీ గురించి పొరపడ్డారో లేదో చెప్పే మెషిను మా దగ్గర లేదు."

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగైంది. సన్యాసమ్మ వాకిట్లో వల మీద ఆరబెట్టిన చేపలను తిరగేస్తోంది. బాప్తిస్మం అప్పుడు పేరు మార్చుకోమని అందరూ అన్నా, మా అమ్మ పెట్టిన పేరు దేవుడికి నోరు తిరగదా ఏటి అని సన్యాసమ్మగానే ఉండిపోయిన మనిషి ఆవిడ. తాతబాబు చొక్కా విప్పి దండెం మీద వేసి, ఆవిడ పక్కన చతికిలబడి మొత్తం చెప్పాడు.

"ముప్పై ఎనిమిది వేలా?" అంది ఆవిడ. అని మళ్ళీ చేపల మీదికి వంగింది.

"నీకు ఏటీ అనిపించనేదా?"

"ఏటనిపించాల? నువ్వు దిబ్బని సూసి నమ్మేవు. నాను దిబ్బని సూసి నమ్మనేదు. తుపాను తరవాత నువ్వు మా తమ్ముడి తల పగలగొట్టీసినావు, గేపకం ఉన్నాదా? ఆడు బియ్యం ఇద్దామని వత్తే రాయిచ్చుకు కొట్టినావు. రెండు నెలల తరవాత నువ్వే మా గుమ్మంలోకొచ్చి ఆడి కాళ్ళు పట్టుకున్నావు. మీ ఇంటా వంటా ఎవులూ ఎవులి కాళ్ళూ పట్టుకున్నోల్లు కాదు. ఇదేదో నిజమే గావాల అనుకున్నాను. ఆ ఇసక వయసు నాకెందుకు?"

తాతబాబు ఒక చేప తీసి తిరగేశాడు. తర్వాత ఇంకోటి. ఎండ వాలేదాకా ఇద్దరూ ఆ పనే చేశారు.

శనివారం కామరాజు వచ్చాడు. సంగతి విని, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు. అతను గొంతు తగ్గించడం అరుదు.

"బావా, ఎవులికీ సెప్పకు. కాగితం ఇంకా రాలేదని సెప్పీ. ఈ సైన్సోల్లు ఇయాల ఒకటంటారు, రేపు ఇంకోటంటారు."

"అంటారు. తప్పని తెలిత్తే మార్సుకుంటారు. నాను మార్సుకోకూడదా?"

"నువ్వు పాస్టరువి. నువ్వు ఒక్కటి తప్పంటే మిగతాయన్నీ నిజమని జనం ఏలగ నమ్ముతారు?"

ఆ మాట తాతబాబుకు గట్టిగానే తగిలింది. మూడు రోజులుగా తనను తాను అడుగుతున్న ప్రశ్నే అది. "తెల్దు బావా," అన్నాడు. "కానీ తెలిసీ సెప్పకపోతే, నాను మిగతాయి నమ్మినట్టు కాదు."

ఆదివారం మందిరం నిండింది. పాటలయ్యాక తాతబాబు లేచాడు. చేతిలో ఆ కాగితం ఉంది. గొంతు పెంచలేదు.

"నాను మీకు ఒక తప్పు సెప్పేను. తెలీక సెప్పేను, కానీ నలభై ఏళ్ళు సెప్పేను. దిబ్బలు జలప్రళయం తెచ్చినవి కావు. గాలి తెచ్చినాది ఆ ఇసకని. ఒక్కరోజులో కాదు, వేలేళ్ళు. అడుగున ఉన్న ఇసక ఎండ మొకం సూసి ముప్పై ఎనిమిది వేల ఏళ్ళయినాది. మూడు వేలు అటో ఇటో. ఆ గొట్టాలు నా సేత్తోనే దిగ్గొట్టేను. ఎవులూ నన్ను మోసం సెయ్యనేదు."

 ముందు వరసలోంచి కామరాజు లేచి నిలబడ్డాడు.

"అయితే అయ్యగారూ, వాక్యం అబద్ధమా?" అందరిముందూ బావ అనలేదు.

"కాదు. దేవుడెవులో, మనమెవులమో సెప్పడానికి వచ్చినాది వాక్యం. నాను దాన్ని పట్టుకుని ఇసక లెక్క సెప్పేను. తప్పు దానిది కాదు, నాది. దేవుడు లోకాన్ని సేసిన ఆ మొదటి దినాలు ఎంత పొడుగో నాకు తెల్దు. సూరీడు పుట్టక ముందే దినాలున్నాయి గదా అందులో. అవి ఏ గడియారంతో కొలిసేరో నాకు తెల్దు. తెల్దని ముందే సెప్పుంటే బాగుండేది."

 కామరాజు కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. అతని వెనక అతని ఇంటివాళ్ళు, ఆ తర్వాత ఇంకో నాలుగు కుటుంబాలు. మిగిలినవాళ్ళు కూర్చున్నారు గానీ, ఆరాధన ముగిశాక ఎప్పటిలా అరుగు మీద ఆగి కబుర్లు చెప్పుకోలేదు.

వేసవి ముగిసేసరికి పదకొండు కుటుంబాలు భీమిలిలో వేరే సంఘానికి వెళ్ళిపోయాయి. అయ్యగారు చదువుకున్నావిడ మాటలకు పడిపోయాడని కొందరు, ముసలితనం వచ్చిందని కొందరు అన్నారు. కామరాజు ఏ సంఘానికీ వెళ్ళలేదు. ఇంట్లోనే ఉండేవాడు. అక్కగారింటికి చేపలు పంపడం మాత్రం మానలేదు.

తాతబాబుకు ఆ నెలలు కష్టంగానే గడిచాయి. ప్రార్థనకు కూర్చుంటే మాటలు వచ్చేవి కావు. ప్రసంగం మధ్యలో "నాకు తెలిసినంతవరకు" అని అనడం అలవాటైంది. అది కొందరికి చిరాకు. వెనక వరసలో కూర్చునే, సరిగా వినబడని ఒక ముసలమ్మ మాత్రం, ఇప్పుడు నువ్వు సెప్పింది నాకు బాగా ఇనబడతన్నాది బాబూ, అంది. చెవుడు తగ్గిందో, మాట మారిందో ఆయనకు తెలియలేదు.

జూలైలో ఒక ఉదయం, రాత్రి వాన పడి వెలిశాక, ఆయన ఒక్కడూ దిబ్బలకు వెళ్ళాడు. ఇరవై ఏళ్ళ వయసులో తాను కూర్చున్న గెడ్డ ఏదో ఇప్పుడు చెప్పలేడు. వానలు ఎన్నోసార్లు దాని ఆకారం మార్చేశాయి. సుమారుగా చూసుకుని ఒక చోట కూర్చున్నాడు. గోడ తడిసి ముదురు ఎరుపుగా ఉంది. అడుగు పొర నుంచి పైకి చూస్తూ పోయాడు. ఒక గాలి వచ్చి గుప్పెడు ఇసుక పోసి వెళ్ళింది. ఇంకో గాలి వచ్చింది. చూసేవాళ్ళు లేరు, పేటలు లేవు, పడవలు లేవు. అంత పొడుగు కాలంలో మనిషి ఎక్కడో చివర ఉన్నాడు. మొదట ఆయనకు భయం వేసింది. ఉప్పెన రాకముందు సముద్రం వెనక్కి పోయినప్పుడు వేసే భయం లాంటిది. ఇంత కాలం దేవుడు ఏం చేస్తూ ఉన్నట్టు?

లేవాలనుకుని లేవలేదు. కూర్చునే ఉన్నాడు. ఎండ గోడ మీద దిగుతూ ఒక్కో పొరనూ వెలిగించింది. ఎవరూ చూడకపోయినా, ఎవరూ పొగడకపోయినా, తొందర లేకుండా వేలకు వేల ఏళ్ళు చేసిన పని అది అనిపించింది. తాను నలభై ఏళ్ళుగా చెప్పిన దేవుడు ఒక్కరోజులో కోపంతో కడిగేసి, తర్వాత జాలిపడినవాడు. ఈ ఓపిక గల దేవుడు ఆయనకు కొత్త. ఆ కొత్త దేవుడితో ఏం మాట్లాడాలో తెలియక, మూడు నెలల తర్వాత మొదటిసారి ఆ తెలియకపోవడమే ప్రార్థనగా కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

నవంబరు వచ్చింది. ఈసారి దిబ్బలకు వెళ్దామా వద్దా అని సంఘంలో కొందరు అడిగారు. "ఎల్దాం," అన్నాడు తాతబాబు. అనూరాధకు ఫోన్ చేసి, వచ్చి పది నిమిషాలు మాట్లాడమన్నాడు. ఆవిడ మొహమాటపడుతూనే వచ్చింది.

ఆటోలు తగ్గాయి. పులిహోర గిన్నెలూ తగ్గాయి. ఆరాధన సగంలో ఉండగా గెడ్డ మలుపు దగ్గర కామరాజు కనిపించాడు. దగ్గరికి రాలేదు. జీడిచెట్టు మొదట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. సన్యాసమ్మ మాత్రం ఒక ఆకులో పులిహోర పక్కన పెట్టి ఉంచింది.

అనూరాధ గోడ దగ్గర నిలబడి, తేలిక మాటల్లో చెప్పింది. ఈ ఇసుకను నదులు తెచ్చాయి, అలలు ఒడ్డుకు చేర్చాయి, గాలి ఎత్తి ఇక్కడ పోసింది. నడిమి పొర పడే కాలంలో లోకమంతా చలి. నీరంతా ఉత్తరాన మంచుగా గడ్డకట్టుకుపోవడంతో సముద్రం చాలా కిందికి దిగిపోయింది. అప్పుడు ఈ దిబ్బల ముందు సముద్రం లేదు, ఒడ్డు ఎంతో దూరాన ఉండేది.

"ఎంత దూరాన?"

అడిగింది కామరాజు. చెట్టు మొదలు వదిలి నాలుగడుగులు ముందుకు వచ్చాడు.

"ముప్పై, నలభై కిలోమీటర్లు ఉండొచ్చండి. ఇప్పుడు నీళ్ళకింద ఉన్నదంతా అప్పుడు నేల."

"అయితే అప్పుడి గట్టు ఇప్పుడు నీల్లకిందే ఉండాల."

"ఉండాలి. తర్వాత మంచు కరిగి సముద్రం పైకి వచ్చింది. వస్తూ వస్తూ కొన్ని చోట్ల ఎక్కువ కాలం ఆగిందనుకుంటున్నాం. అక్కడ పాత ఒడ్డు గుర్తులు ఉంటాయి."

కామరాజు మెడ వెనక గోక్కున్నాడు. "ఉన్నాయి. నలభై బారల లోతున మా వల తగులుకుంటాది. ఒక్కసోట కాదు, గట్టుకి సమంగా బారుగా. పైకి లాగితే రాయి ముక్కలు వత్తాయి, గవ్వలు అతుక్కుని. లోపల నీల్లల్లో గవ్వలు కావవి, గట్టు మీద గవ్వలు. మా నాన్న దాన్ని పాతగట్టు అనేవోడు. ఎందుకన్నాడో నాను అడగనేదు."

అనూరాధ చేతిలోని నీళ్ళసీసా కింద పెట్టేసింది. "ఆ ముక్కలు మీ దగ్గర ఉన్నాయా?"

"పారీసినాను. కావాలంటే మల్లీ వత్తాయి." అని ఆగి, తాతబాబు వైపు చూడకుండా అన్నాడు. "అంటే నీల్లు వచ్చినమాట నిజమే గదా మేడం. లోకం మీదికి నీల్లు వచ్చినాయి."

"వచ్చాయండి. కానీ పది వేల ఏళ్ళకు పైగా పట్టింది. వాక్యంలో చెప్పింది ఇదేనని నేను చెప్పలేను."

"మల్లీ రాయి కొనకు బావా," అన్నాడు తాతబాబు.

ముందు ఎవరో ముసలాయన నవ్వాడు, తర్వాత ఆడవాళ్ళు. కామరాజు నవ్వలేదు గానీ, మూతి బిగువు కాస్త సడలింది. అనూరాధ అప్పటికే సంచీలోంచి పుస్తకం తీసి రాసుకుంటోంది. నలభై బారలు అని రాసి తలెత్తింది.

"బార అంటే ఎంతండి?"

"బారంటే బారే."

"మీ బార ఎంతో కొలవాలి. ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది కదా."

కామరాజు అటూ ఇటూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. చేతిలోని కండువా అక్కకిచ్చి, గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ బారచాపి నిలబడ్డాడు. అనూరాధ కొలత టేపు తీసి ఒక కొస అతని కుడిచేతి మధ్యవేలి దగ్గర పట్టుకుంది. రెండో కొస అందుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే తాతబాబు వెళ్ళి పట్టుకున్నాడు.

"సెయ్యి వంచకు బావా. నిటారుగా ఉంచు."

"ఉంచేను. బేగి కానీ."

అంకె చదివి అనూరాధ రాసుకుంది. పాతగట్టు చూడాలంటే శనివారం తెల్లవారుజామున నాలుగింటికి పడవ బయల్దేరుతుందనీ, ఆలస్యమైతే ఆగేది లేదనీ కామరాజు చెప్పాడు. చెప్పి, సన్యాసమ్మ పక్కన పెట్టి ఉంచిన ఆకు అందుకుని, ఇసుకలో కూర్చుని తినడం మొదలుపెట్టాడు.